ఎవరికీ చెప్పకూడని ఆరంకెలు

ఆ శనివారం ఉదయం ఎనిమిదింటికి పళ్ళాసుపత్రి తాళం తీస్తున్నప్పుడు అక్కగారి మనసు దూదిపింజలా ఉంది. చేతిసంచిలో గళ్ళు గీసి తయారుచేసుకున్న పెద్ద కాగితం ఉంది. ఆ కాగితంలో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తే పని అయిపోతుంది. అరగంట చాలు. తొమ్మిదింటికి మొదటి రోగి వచ్చేలోగా కిటికీ పక్కన కుర్చీ వేసుకుని తీరిగ్గా ఒక టీ తాగాలని ఆవిడ పథకం.

అక్కగారు ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రిటైరైన మర్నాడే తమ్ముడి పళ్ళాసుపత్రి ఆఫీసు వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నారు. తమ్ముడు అడగలేదు. వద్దనే ధైర్యమూ చేయలేదు. డాక్టరుకి అక్క గనుక నర్సుకీ, కౌంటర్లో ఆవిడకీ, రోగులకీ కూడా అక్కగారే అయిపోయారు.

ఆ ఆసుపత్రిలో రోగుల వివరాలు, అపాయింట్‌మెంట్లు, పళ్ళ ఎక్స్‌రేలు అన్నీ ఒకే ప్రోగ్రాంలో ఉంటాయి. ఇన్నాళ్ళూ దానికి అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్. అది పసుప్పచ్చ చీటీ మీద రాసి మానిటరు అంచున అంటించి ఉండేది. కిందటి వారం ఒక పెద్దాయన కట్టుడు పళ్ళు చేత్తో పట్టుకుని వచ్చి, కౌంటర్లో ఎవరూ లేకపోవడం చూసి, కంప్యూటరు తెరిచి తన అపాయింట్‌మెంటు తనే రాసుకుపోయాడు. అది కూడా ఇంకొకరి టైములో. ఆ రోజే అక్కగారు తీర్మానించారు. ఇకమీదట ఎవరి తాళం వాళ్ళది. ఒక్కొక్కరికీ వేరే పాస్‌వర్డ్, దాని తర్వాత రెండో పరీక్షగా వేలిముద్రో, ఫోనుకి వచ్చే ఆరంకెల కోడో.

ముందు డాక్టరు పేరు ఎక్కించారు. రాత్రే ఇంట్లో తమ్ముడి కుడి చూపుడువేలు పట్టుకుని, చిన్న యంత్రం మీద ముద్ర తీయించేశారు. తర్వాత నర్సుకి పాస్‌వర్డ్ ఒక్కటే చాలన్నారు. కౌంటర్లో ఆవిడకి అపాయింట్‌మెంట్లు మాత్రమే కనబడాలి, ఎక్స్‌రేల జోలికి పోకూడదు. 'పాస్‌వర్డ్ ఎన్నిసార్లు తప్పు కొడితే తాళం పడాలి?' అనే చోట ప్రోగ్రాం తనంతట తనే ఐదు అని వేసి పెట్టింది.

"ఐదా!" అన్నారు అక్కగారు పైకే. "పరీక్షలో ఒక్కో లెక్క ఐదేసి సార్లు చేయనిస్తే గోడలు కూడా పాసవుతాయి." ఐదు కొట్టేసి ఒకటి వేశారు. అందరికీ.

తాళం పడ్డవాళ్ళకి తిరిగి తీసే అధికారం ఎవరిది అని ప్రోగ్రాం అడిగింది. తన పేరు రాసుకున్నారు. రెండో మనిషి ఎవరైనా ఉంటే మంచిదని సలహా ఇచ్చింది. అక్కగారు ఆ సలహాని పట్టించుకోలేదు. చివరగా, కోడు పంపడానికి ఆవిడ ఫోను నంబరు అడిగింది. అక్కడ ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. నిద్రలో లేపి పంతొమ్మిదో ఎక్కం అడిగినా గడగడా అప్పజెప్పగలరు గానీ, తన నంబరు తనకి రాదు. తనకి తాను ఎన్నడూ ఫోను చేసుకున్నది లేదు మరి. ఫోను చూస్తే అందులో నంబరు ఎక్కడుంటుందో అదీ తెలియదు.

వెనక కౌంటర్లో కూర్చునే ఆవిడ అప్పటికే వచ్చేసింది. పొద్దస్తమానం ఫోన్లోనే ఉంటుంది గనుక ఆవిణ్ణి అందరూ హలోగారనే పిలుస్తారు. అక్కగారు తల తిప్పకుండానే కేకేశారు.

"హలోగారూ, నా నంబరు ఓసారి చెప్పండి!"

"ఆఁ, నంబరు చెప్తున్నా, సరిగ్గా ఉందో లేదో చూసుకోండి" అంటూ హలోగారు పది అంకెలూ స్పష్టంగా, విడివిడిగా చదివింది. అక్కగారు ఒక్కో అంకే కొట్టుకుంటూ పోయారు.

"థాంక్స్" అన్నారు.

"థాంక్సండీ" అంది హలోగారు. "అయితే తొమ్మిదింటికి ఆయన్ని తీసుకొచ్చేయండి."

తొమ్మిదింటికి ఎవర్ని తీసుకురావాలో అక్కగారికి అర్థం కాలేదు. హలోగారి మాటల్లో సగం ఎప్పుడూ ఫోనుకే పోతాయి గనుక పట్టించుకోలేదు. 'ఈ నంబరుకి కోడు పంపి సరిచూడమంటారా?' అని ప్రోగ్రాం అడిగింది. జవాబు వచ్చాక సరిచూసుకోవాలని ముప్పై ఏళ్ళు పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన అక్కగారు, 'తర్వాత' అని నొక్కేశారు. పసుప్పచ్చ చీటీ పీకి నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశారు.

టైము ఎనిమిదీ ముప్పైమూడు. టీ తాగారు. పథకం ప్రకారం జరిగింది ఆ రోజు మొత్తంమీద ఆ ఒక్కటే.

మొదటి రోగి టైల్స్ వేసే మేస్త్రి. ఎడమ దవడ బంతిలా ఉబ్బి, తువ్వాలు కట్టుకుని వచ్చాడు. వెంట ఆయన భార్య ఉంది. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. ఆయన చేతిసంచీ, చెప్పులూ, ఫోనూ, నోరూ అన్నీ ఆవిడ అధీనంలోనే ఉన్నట్టున్నాయి. డాక్టరు "ఎక్కడ నొప్పి?" అని అడిగితే మేస్త్రి నోరు తెరిచేలోగా వార్డెనమ్మ చెప్పింది.

"కింద, ఎడమవైపు. మూడు రాత్రుల్నించీ ఆయనా నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు."

నొప్పి చూడలేక డాక్టరు ముందు తిమ్మిరెక్కే ఇంజెక్షన్ ఇచ్చేశాడు. వెనక రెండు పళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రెండూ నల్లబడ్డాయి. తీయాల్సింది ఒక్కటే. అది ఏదో, అప్పుడే తీయగా తిన్నగా ప్రోగ్రాంలోకి వెళ్ళిన ఎక్స్‌రే చూస్తే తప్ప తెలియదు. వార్డెనమ్మని వరండాలో కూర్చోబెట్టి, నర్సుని పురమాయించాడు.

"గంటలో తిమ్మిరి దిగిపోతుంది. త్వరగా తీసుకురామ్మా."

నర్సు కంప్యూటరు ముందు కూర్చుని కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. అక్షరాలన్నీ పెద్దవి పడ్డాయి. 'తప్పు. మీ ఖాతాకి తాళం పడింది' అని వచ్చింది.

"అక్కగారూ, ఒక్కసారికే తాళం పడిపోయిందండీ!"

"పడాలనే పెట్టాను. తమ్ముణ్ణి పిలువు."

డాక్టరు వచ్చాడు. రబ్బరు చేతితొడుగు ఉన్న వేలే యంత్రం మీద పెట్టేశాడు. తాళం.

"తొడుక్కుని పెడితే ముద్ర ఎలా పడుతుందిరా?" అక్కగారు నెత్తి కొట్టుకున్నారు.

"నువ్వు చెప్పలేదు కదక్కా."

"తొడుగు తియ్యమని కూడా చెప్పాలా? ఐదో తరగతి పిల్లవాడికి తెలుస్తుంది!"

"ఐదో తరగతి పిల్లవాడు పళ్ళు పీకడు కదక్కా" అని గొణిగి డాక్టరు రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు.

హలోగారు తన పాస్‌వర్డుతో చక్కగా లోపలికి వెళ్ళింది గానీ, ఎక్స్‌రేల బొమ్మ నొక్కగానే 'ఈ భాగం చూసే అనుమతి మీకు లేదు' అని కనబడింది. ఆవిడ అక్కగారి వైపు చూసిన చూపులో కాస్త బాధ, కాస్త సంతోషం ఉన్నాయి.

"పక్కకి జరగండి. నేనున్నాగా" అని అక్కగారు కూర్చున్నారు. పాస్‌వర్డ్ కొట్టారు. ఒక్క అక్షరం తప్పుపోలేదు. 'మీ ఫోనుకి ఆరంకెల కోడు పంపాం. రెండు నిమిషాల్లో వేయండి' అంది ప్రోగ్రాం. అక్కగారు ఫోను ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఫోను ఉలకలేదు, పలకలేదు.

వరండాలో ఎవరిదో ఫోను టింగుమంది.

రెండు నిమిషాలూ అయిపోయాయి. మళ్ళీ పంపమన్నారు. వరండాలో మళ్ళీ టింగుమంది. అక్కగారు ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. తర్వాత మెట్ల మీదికి వెళ్ళారు. ఆ తర్వాత స్టూలెక్కి ఫోను పైకెత్తి, గాల్లో కోడు పట్టుకోవాలన్నట్టు నిలబడ్డారు. నర్సు స్టూలు పట్టుకుంది. "ఇంకోసారి పంపమనండి!" అని అక్కగారు పైనుంచి అరవడం, హలోగారు నొక్కడం, వరండాలో టింగుమనడం. అలా ఆరుసార్లయింది.

లోపల్నుంచి డాక్టరు గొంతు వినబడింది. "అక్కా, ఇరవై నిమిషాలయింది!"

స్టూలు దిగుతుండగా వార్డెనమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఫోను రెండు చేతుల్తో గుండెకి అదుముకుని ఉంది. మొహం పాలిపోయింది.

"అమ్మా, మీ ఆసుపత్రిలో దొంగలెవరో ఉన్నారండీ. ఇక్కడికొచ్చి కూర్చున్నప్పట్నించీ నా ఫోనుకి ఒకటే కోడులు. ఎవరో నా ఖాతాలోకి దూరాలని చూస్తున్నారు."

చిరాకులో ఉన్నా అక్కగారిలోని టీచరు మేలుకుంది.

"ఎవరికీ చెప్పలేదు కదా?"

"అయ్యో, నేనెందుకు చెప్తానండీ! పోలీసులొచ్చి మా హాస్టల్లో పిల్లలందరికీ చెప్పి వెళ్ళారు. వచ్చింది వచ్చినట్టే తుడిచేస్తున్నా."

"మంచి పని చేశారు. చూడండమ్మా, ఎంత మంచిగా అడిగినా, ఎంత పెద్దవాళ్ళు అడిగినా చెప్పకండి. దేవుడే దిగొచ్చి అడిగినా సరే, చెప్పకండి!"

"అలాగేనండీ" అంది వార్డెనమ్మ, ఒట్టు పెట్టినంత గట్టిగా. బయటికి వెళ్ళి బ్యాంకుకి ఫోను చేసి కార్డు ఆపించేసింది. మేస్త్రి కార్డు కూడా ఆపించింది. ఎందుకైనా మంచిదని హాస్టలు ఖాతా కూడా.

అక్కగారు ప్రోగ్రాం కంపెనీకి ఫోను చేశారు. తొమ్మిది నిమిషాలు పాట వినిపించాక ఒకతను మాట్లాడాడు.

"కోడు వెళ్ళినట్టే చూపిస్తోంది మేడం. ఆరుసార్లు."

"నాకు రాలేదు నాయనా. ఆ కోడేదో నువ్వే చెప్పెయ్యి."

"కోడు ఎవరికీ చెప్పకూడదు మేడం."

"ఎవరికో ఎందుకు చెప్తావు, నాకే చెప్పు! నాదేగా!"

"మీరు మీరేనని నాకెలా తెలుస్తుంది మేడం? మీరు ఊఁ అంటే మీ నంబరుకి ఒక కోడు పంపుతాను, అది చెప్తే నమ్ముతాను."

అక్కగారికి తల ప్రాణం తోకకొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఏ మొండి విద్యార్థీ తనని ఇంత మర్యాదగా చంపలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి అడిగారు. "పోనీ, ఆ నంబరు చివరి రెండంకెలు చెప్పగలవా?"

"నలభై ఒకటి మేడం."

నర్సు తన ఫోన్లో అక్కగారి నంబరు తీసి చూసింది. చివర పదహారు. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. హలోగారు నెమ్మదిగా అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచింది. ఆ రోజు మొదటి వరస మీద వేలు పెట్టింది. 

"అక్కగారూ, పొద్దున మీరు నంబరు అడిగినప్పుడు నేను ఫోన్లో వార్డెనమ్మకి ఆవిడ నంబరు చదివి వినిపిస్తున్నానండీ."

"నంబరు చెప్తున్నా అన్నారుగా!"

"అది ఆవిడతో అన్నానండీ."

సరిగ్గా అప్పుడే వరండాలో ఫోను మరోసారి టింగుమంది. అక్కగారు ఊఁ అనకముందే కంపెనీ అతను పంపేసినట్టున్నాడు.

అక్కగారు చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మొహాన నవ్వు పులుముకుని వరండాలోకి వెళ్ళారు. వార్డెనమ్మ పక్కన అప్పటికి మరో ముగ్గురు రోగులు పోగై, ఆవిడ కథ చెవులు రిక్కించి వింటున్నారు.

"వార్డెనమ్మగారూ, ఆ వచ్చిన కోడు ఓసారి చెప్తారా?"

వార్డెనమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. "ఏ కోడు?"

"అదే, ఇప్పుడొచ్చిందే. అది మాదండీ. పొరపాటున మీకొచ్చింది."

"వాళ్ళూ సరిగ్గా ఇలాగే అడుగుతారని పోలీసులు చెప్పారు" అంది వార్డెనమ్మ. పక్కనున్న ముగ్గురూ అవునన్నట్టు తలలూపారు. "పొరపాటున మీకొచ్చింది, ఓసారి చెప్పండి. అచ్చం ఇవే మాటలు."

"అమ్మా, నేను ఈ ఆసుపత్రి దాన్ని!"

"పావుగంట క్రితం దేవుడు దిగొచ్చినా చెప్పొద్దని మీరే అన్నారు."

"అన్నాను! కానీ నేను..."

"మీరు దేవుడికంటే ఎక్కువా అండీ?"

 

ఈ గోల విని మేస్త్రి లోపల్నుంచి వచ్చాడు. మెడలో ప్లాస్టిక్ గుడ్డ, నోట్లో దూది, ఒక పక్కకి వేలాడుతున్న పెదవి. భార్య చేతిలోని ఫోను చూపించి, రెండు చేతులూ జోడించి, "ఇఒఒఏ... ఆ ఓడు ఇఒఒఏ..." అన్నాడు. ఇచ్చెయ్యవే, ఆ కోడు ఇచ్చెయ్యవే అని ఆయన బాధ. వార్డెనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత గొంతు అందరికీ వినబడేంత ఎత్తులో లేచింది.

"ఇదా సంగతి! మనిషికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నోరు పడగొట్టి, పెళ్ళాం దగ్గర కోడు లాక్కురమ్మని పంపుతారా?"

ముగ్గురు రోగుల్లో ఇద్దరు తమ సంచులు తీసుకుని మెట్లు దిగిపోయారు. మూడో ఆయన తన ఫోను కట్టేసి జేబులో అడుగుకి తోసుకున్నాడు. డాక్టరు పరుగున వచ్చాడు, చేతిలో పన్ను పట్టే పటకారుతో సహా. దాన్ని చూసి మూడో ఆయన కూడా దిగిపోయాడు.

"అమ్మా, ఇంకో పావుగంట దాటితే తిమ్మిరి దిగిపోతుంది. ఎక్స్‌రే లేకుండా తప్పు పన్ను పీకలేను" అన్నాడు డాక్టరు. "అది లోపల తలుపేసుకుని కూర్చుంది. తాళం మీ దగ్గరుంది. మీరు నమ్మకపోతే మీరే వచ్చి తెరవండి."

వార్డెనమ్మ మొగుడి మొహం చూసింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. మూడు రాత్రులు తన పక్కన మంచం మీద ముడుచుకుని మూలిగిన మనిషి. ఆవిడ గొంతు కాస్త దిగింది.

"నేనే కొడతాను. ఎవరూ చూడకూడదు."

"చూడం" అన్నారు అక్కగారు.

అలా అక్కగారి కుర్చీలో వార్డెనమ్మ కూర్చుంది. అందరినీ గోడవైపు తిరగమంది. డాక్టరు, నర్సు, హలోగారు, అక్కగారు, పెదవి వేలాడుతున్న మేస్త్రి, అయిదుగురూ గోడకి మొహం పెట్టి నిలబడ్డారు. అక్కగారు పిల్లల్ని గోడవైపు నిలబెట్టారే గానీ తాను నిలబడటం ఇదే మొదలు. వార్డెనమ్మ కళ్ళజోడు వెతుక్కునేసరికి మొదటి కోడు గడువు అయిపోయింది. రెండోది తెప్పించి, ఎడమ అరచేయి అడ్డం పెట్టుకుని, కుడి చూపుడువేలితో ఒక్కో అంకే నొక్కింది.

కంప్యూటరు తెరుచుకుంది. అక్కగారు ఊపిరి వదిలి వెనక్కి తిరగబోయారు.

"ఆగండి. ఎవరెవరి తాళాలో తీయమంటోంది" అంది వార్డెనమ్మ, తెర చదువుతూ. గొంతులో అప్పటికే హాస్టలు ధోరణి వచ్చేసింది. "నర్సు ఎవరమ్మా? ఎందుకు తప్పు కొట్టావు?"

"పెద్దక్షరాలు పడ్డాయండీ."

"చూసుకుని కొట్టాలి. తీస్తున్నా. డాక్టరు?"

"తొడుగుతో వేలు పెట్టానండీ" అన్నాడు డాక్టరు, తలదించుకుని.

"ఈసారికి తీస్తున్నా."

ఎక్స్‌రే వచ్చింది. తీయాల్సింది లోపలి పన్ను కాదు, దాని ముందుది. పది నిమిషాల్లో అది పళ్ళెంలో పడింది. పన్నుని దూదిలో చుట్టి పట్టుకున్న మేస్త్రి, మూడు రోజుల తర్వాత మొదటిసారి, ఒకవైపే అయినా, నవ్వాడు. వార్డెనమ్మ కొంగుతో ఆయన మూతి తుడిచి, వెళ్ళే ముందు అక్కగారి చేయి పట్టుకుంది.

"ఏమనుకోకండి. మీరు అంత గట్టిగా చెప్పబట్టే గదా నేను గట్టిగా ఉన్నాను."

"తప్పు మీది కాదమ్మా" అన్నారు అక్కగారు. ఆ మాట ఆవిడ జీవితంలో ఎదుటివాళ్ళతో అన్నది చాలా తక్కువసార్లు.

వాళ్ళు మెట్లు దిగకముందే అక్కగారు నంబరు మార్చడానికి కూర్చున్నారు. పాత నంబరు తీసి, నర్సు చెప్పిన తన నంబరు వేశారు. ఈసారి రెండుసార్లు సరిచూశారు. ప్రోగ్రాం శ్రద్ధగా చదివి జవాబిచ్చింది: 'మీ ఖాతాలో నేడు అనుమానాస్పదమైన ప్రయత్నాలు జరిగాయి. భద్రత కోసం కొత్త నంబరు ముప్పై రోజుల తర్వాత అమల్లోకి వస్తుంది. అంతవరకు రోజూ ఉదయం అందరి ఖాతాలూ పాత నంబరుకి వచ్చే కోడుతోనే తెరవాలి.'

అక్కగారు లేచి, మెట్ల మీదికి పరుగెత్తారు. "వార్డెనమ్మగారూ! ఒక్క నిమిషం ఆగండి!"

కిందనుంచి వార్డెనమ్మ విషయమంతా ఓపిగ్గా విన్నది. హాస్టల్లో నూట ఇరవై మంది పిల్లల పనులు పెట్టుకుని ఇదేం గొడవండీ అంది.  చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. కోడు ఫోన్లో చెప్పదు. రోజూ ఆసుపత్రి వాళ్ళందరూ హాస్టలుకి వచ్చి, కంప్యూటరు తన ముందు పెడితే, తన చేత్తో తనే కొడుతుంది. అదీ పిల్లల ప్రార్థన గంటకి ముందే.

ఆ నెలంతా పళ్ళాసుపత్రిలో డాక్టరు సహా ఒక్కరు కూడా ఆలస్యంగా రాలేదు, ఎందుకంటే వార్డెనమ్మ హాస్టలు గేటు ఏడున్నరకి మూసేస్తుంది.